హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు

హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు అనేవి శస్త్రచికిత్సలలో మత్తుమందుగా వాడే క్లోరోఫాం వలన మరణాలు ఏ విధంగా సంభవిస్తున్నాయో తేల్చడానికి 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాదు నగరంలో ఏర్పాటైన రెండు విచారణ సంఘాలు. వీటికి అయిన ఖర్చును ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం భరించింది. పాలమూరు పట్టణానికి 1890లో మహబూబ్ నగర్ అని పేరు పెట్టింది ఈ నిజాము పేరు మీదనే. నేటి హాలియా, దేవరకొండ ప్రాంతాలు కూడా అప్పట్లో ఈయన ఏలుబడిలోనే ఉండేవి. ఒక దేశీయ సంస్థానం ఖర్చుతో జరిగిన ప్రయోగాలపై లండను, ఎడింబరో నగరాల వైద్యులు ఏళ్ళ తరబడి వాదించుకోవడం ఆ కాలానికి అరుదైన విషయం.

నేపథ్యం: మొదటి మరణం

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరంలో విలియం మోర్టన్ ఈథరు మత్తులో శస్త్రచికిత్స జరిపించి చూపాడు. మరుసటి ఏడాది నవంబరులో ఎడింబరోకు చెందిన ప్రసూతి వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను ప్రవేశపెట్టాడు. ఇది ఈథరు కంటే త్వరగా పనిచేస్తుంది, మంట అంటుకోదు, వాసన కూడా ఇంపుగా ఉంటుంది. అందువలన కొద్ది వారాలలోనే బ్రిటను అంతటా వ్యాపించింది.

మూడు నెలలు తిరగకుండానే మొదటి మరణం సంభవించింది. 1848 జనవరి 28న ఇంగ్లాండులోని న్యూకాసిల్ సమీపాన గల విన్లాటన్ అనే ఊరిలో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ళ బాలిక కాలిగోరు తీయించుకోవడానికి కూర్చున్నది. కొద్ది నెలల క్రితం మరొక గోరును ఈథరు మత్తులో తీయించుకున్నా ఏ ప్రమాదమూ జరగలేదు. ఈసారి మాత్రం ఆమె ముందు నుండే భయంతో ఏడుస్తూ ఉన్నది. డాక్టరు మెగ్గిసన్ ఒక గుడ్డపై చెంచాడు క్లోరోఫాం పోసి ముక్కు దగ్గర పట్టాడు. అర నిముషంలో ఆమెకు స్పృహ తప్పింది. కోత పెట్టగానే కాలు ఒక్కసారి విదిలించింది, ఆ వెంటనే పెదవులు పాలిపోయాయి. ముఖాన నీళ్ళు చల్లారు, నోట్లో బ్రాందీ పోశారు, రక్తనాళం కోసి చూశారు. మందు పీల్చడం మొదలుపెట్టిన దగ్గర నుండి మూడు నిముషాలలోపే ప్రాణం పోయింది.

శవపరీక్ష జరిపిన వైద్యులు ఊపిరితిత్తులలో రక్తం పేరుకున్నదనీ, దానికి క్లోరోఫామే కారణమనీ చెప్పారు. పంచాయతీదారులు వైద్యుని తప్పు లేదని తీర్పు ఇచ్చారు. సింప్సన్ దీనికి ఒప్పుకోలేదు. గొంతులో పోసిన నీరు, బ్రాందీ వలన ఊపిరాడక చనిపోయిందని వాదించాడు. లండనుకు చెందిన జాన్ స్నో మాత్రం గాఢమైన ఆవిరి వలన గుండె స్తంభించిందని నమ్మాడు. స్నో మరణానంతరం 1858లో వెలువడిన గ్రంథంలో అటువంటి 50 మరణాల వివరాలు ఉన్నాయి. మత్తుమందు ఇచ్చేవాడు నాడిని చూడాలా, శ్వాసను చూడాలా అనే తగవు ఇక్కడే మొదలైంది. లండను వైద్యులు నాడిని, ఎడింబరో వైద్యులు శ్వాసను పట్టుకున్నారు.

ఎడ్వర్డ్ లారీ

ఎడింబరోలో ప్రఖ్యాత శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ శిష్యుడైన ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాదుకు రెసిడెన్సీ వైద్యునిగా వచ్చాడు. 1846లో స్థాపించబడిన హైదరాబాదు వైద్య పాఠశాలకు కూడా ఈయనే అధిపతి. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు ఆ పాఠశాలే మూలం. శ్వాసను జాగ్రత్తగా గమనిస్తూ ఉంటే క్లోరోఫాం వలన ఎవరూ చనిపోరని గురువు చెప్పిన మాటను లారీ వేదవాక్యంగా భావించాడు. మత్తు ఇచ్చేవాని చేయి రోగి నాడి మీద ఉంటే అతని దృష్టి శ్వాస నుండి తప్పుతుందని, అది ప్రమాదమని విద్యార్థులకు బోధించాడు.

మొదటి కమిషను

తన వాదాన్ని ప్రయోగపూర్వకంగా నిరూపించడానికి లారీ 1888లో మొదటి కమిషనును ఏర్పాటు చేయించాడు. పాట్రిక్ హెహిర్ దీనికి అధ్యక్షుడు. కుక్కలకు క్లోరోఫాం ఎక్కించి చూడగా ప్రతిసారీ ముందు శ్వాస ఆగి, ఆ తరువాతనే గుండె ఆగింది. లండనులోని లాన్సెట్ వైద్య పత్రిక ఈ ఫలితాన్ని నమ్మలేదు. అప్పుడు లారీ ఆ పత్రిక తన తరపున ఒక నిపుణుని ఎంచి పంపితే ఖర్చు నిజాము ప్రభుత్వం భరిస్తుందని తెలిపి వెయ్యి పౌండ్లు మంజూరు చేయించాడు. అప్పటి ప్రధానమంత్రి సర్ ఆస్మాన్ జా.

రెండవ కమిషను

లాన్సెట్ ఎంపిక చేసిన వ్యక్తి సర్ కాదు, ఇంకా డాక్టరుగానే ఉన్న థామస్ లాడర్ బ్రంటన్. గుండెనొప్పికి అమిల్ నైట్రైట్ ఉపయోగపడుతుందని 1867లో చూపినవాడు ఈయనే. క్లోరోఫాం గుండెను నేరుగా ఆపగలదనే అభిప్రాయంతోనే 1889లో హైదరాబాదు చేరాడు. లారీ అధ్యక్షతన బ్రంటన్, బాంఫర్డ్, రుస్తుంజీ హకీం సభ్యులుగా రెండవ కమిషను పని ప్రారంభించింది. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్ళు మొత్తం వందల సంఖ్యలో బలి అయ్యాయి. వీటిలో కొన్నింటి రక్తపోటును తిరిగే గొట్టంపై గీతలుగా నమోదు చేసి, ఆ గీతలను ఫోటోలు తీశారు.

బ్రంటన్ తన అభిప్రాయాన్ని మార్చుకున్నాడు. ప్రమాదం ఊపిరాడకపోవడం వలన గానీ మోతాదు మించడం వలన గానీ వస్తుందే తప్ప, గుండెపై నేరుగా పనిచేయడం వలన రాదని లండనుకు తంతి పంపాడు. మత్తు ఇచ్చేవాడు పూర్తిగా శ్వాసనే ఆధారం చేసుకోవాలని 1890లో లాన్సెట్ ప్రచురించిన నివేదిక సూచించింది.

లోపం ఎక్కడ ఉన్నది

నమోదు చేసిన గీతలలో మోసమేమీ లేదు. ఎక్కువ గాఢతలో ఆగకుండా క్లోరోఫాం ఇస్తే జంతువులలో శ్వాసే ముందు ఆగుతుంది, సమయానికి కృత్రిమ శ్వాస ఇస్తే బ్రతుకుతుంది. అయితే హన్నా గ్రీనర్ మరణం ఆ కోవకు చెందినది కాదు. మత్తు ఇంకా పూర్తిగా ఎక్కకముందే, భయపడుతున్న రోగి, కోత పడిన క్షణంలో మరణించింది. కమిషను శ్రమపడి పరీక్షించినది ఒక రకపు మరణాన్ని, వైద్యులను భయపెట్టినది మరొక రకపు మరణాన్ని.

1893లో గాస్కెల్, షోర్ అనే శాస్త్రజ్ఞులు క్లోరోఫాం గుండెను నేరుగా బలహీనపరుస్తుందని చూపి, హైదరాబాదు నిర్ణయాన్ని విమర్శించారు. అసలు చిక్కుముడి విప్పినవాడు గుడ్‌మన్ లెవీ. 1911లో ఈయన పిల్లులపై చేసిన ప్రయోగాలలో మత్తు తేలికగా ఉన్నప్పుడే ప్రమాదం ఎక్కువని తేలింది. ఆ స్థితిలో అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె జఠరికలు క్రమం తప్పి వణికి, రక్తాన్ని నెట్టలేక ఆగిపోతాయి. భయం, నొప్పి కలిగినప్పుడు శరీరంలో అడ్రినలిన్ దానంతట అదే పెరుగుతుంది. విన్లాటన్ బాలిక మరణానికి నేడు ఎక్కువగా చెప్పే కారణం ఇదే. మత్తు ఎక్కువైతేనే ప్రమాదమని నమ్మి జంకుతూ తక్కువ మందు ఇచ్చేవారు రోగిని తెలియకనే అపాయంలోకి నెట్టారన్నమాట.

లారీ ఈ విమర్శలకు లొంగలేదు. హైదరాబాదు ఆసుపత్రులలో తన పద్ధతినే కొనసాగించి 1901లో పదవీ విరమణ చేశాడు, 1915లో మరణించాడు. శ్వాసను విడువక గమనించాలన్న ఆయన బోధ మంచిదే. నాడిని చూడవద్దన్న బోధ మాత్రం అపాయకరమైనది.

రూపాబాయి ఫర్దూన్జీ

ఈ కమిషన్ల కాలంలోనే హైదరాబాదు వైద్య పాఠశాలలో లారీ వద్ద చదువుకున్న పార్సీ మహిళ రూపాబాయి ఫర్దూన్జీ. ప్రపంచంలో మత్తుమందు ఇవ్వడాన్నే వృత్తిగా స్వీకరించిన తొలి మహిళా వైద్యురాలిగా ఈమెను పేర్కొంటారు. రెసిడెన్సీ ఆసుపత్రిలోను, అఫ్జల్ గంజ్ ఆసుపత్రిలోను రోగులకు క్లోరోఫాం ఇచ్చేది. లెవీ పరిశోధన వెలువడడానికి కొంచెం ముందు, 1909లో ఈమె పై చదువుకు ఎడింబరో వెళ్ళింది. ఆమె పనిచేసిన అఫ్జల్ గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదలో దెబ్బతిన్నది. దాని స్థానంలో తరువాత ఉస్మానియా ఆసుపత్రి వెలసింది.