రాతి మీద పేరు: వైకింగుల రూన్ శిలలు, ఓరుగల్లు సీమ శాసనములు

ఉపోద్ఘాతము

కాజీపేట నుండి విజయవాడ వెళ్ళే రైలు మార్గములో వరంగల్ దాటిన తర్వాత నెక్కొండ వస్తుంది. ఇంకా ముందుకు వెళితే కేసముద్రము, మహబూబాబాదు, గార్ల, డోర్నకల్ వస్తాయి. ఈ దారికి అటూ ఇటూ ఉన్న గ్రామములలో సేవ చేసే కాపరులు చెరువు కట్టల మీద, పొలము గట్ల మీద, ఊరి పొలిమేరలలో నిలబెట్టిన పాత రాళ్ళను చూచే ఉంటారు. కొన్నింటి మీద అక్షరములు ఉంటాయి. కొన్నింటి మీద కత్తి పట్టిన మనిషి బొమ్మ ఉంటుంది. ఇవి విగ్రహములా, చరిత్ర సాక్ష్యములా? ఒక విశ్వాసి పొలములో ఇలాంటి రాయి ఉంటే కాపరి అతనికి ఏమి చెప్పాలి?

ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి ఈ వ్యాసములో మనము మొదట చాలా దూరము, ఐరోపా ఖండపు ఉత్తర దేశములకు వెళదాము. అక్కడ వైకింగులు అనబడిన ప్రజలు తమ మృతుల జ్ఞాపకార్థము రాళ్ళు నిలబెట్టారు. వారు క్రైస్తవ్యము స్వీకరించిన కాలములో ఆ ఆచారము ఆగిపోలేదు సరికదా, మరింత పెరిగింది. ఎందుకు? ఆ కారణము తెలిస్తే మన ఊరి రాయిని, మన సంఘపు పాత రిజిస్టరును మనము వేరే కన్నుతో చూడగలము.

రూన్ లిపి

మన చేతి ఫోనులో బ్లూటూత్ గుర్తు ఉంటుంది. అది రెండు రూన్ అక్షరములను కలిపి గీసిన గుర్తు. అవి 10వ శతాబ్దపు డెన్మార్కు రాజు హరాల్డ్ పేరులోని, అతని బిరుదులోని మొదటి అక్షరములు. అతని బిరుదుకు 'నీలి పన్ను' అని అర్థము. దానినే ఇంగ్లీషులో బ్లూటూత్ అన్నారు. ఆ విధముగా వైకింగుల లిపి మనకు తెలియకుండానే మన జేబులోనికి వచ్చింది.

రూన్ అక్షరములు క్రీస్తు శకపు తొలి శతాబ్దములలోనే వాడుకలో ఉన్నాయి. మొదట 24 అక్షరములు ఉండేవి. మొదటి ఆరు అక్షరముల ధ్వనులను కలిపి ఈ వర్ణమాలను 'ఫుథార్క్' అని పిలుస్తారు. స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ ద్వీపములో దొరికిన క్యూల్వర్ రాతి మీద ఈ 24 అక్షరములు వరుసగా చెక్కబడి ఉన్నాయి. అది సుమారు క్రీ.శ. 400 నాటిది. వైకింగుల కాలము వచ్చేసరికి అక్షరముల సంఖ్య 16కు తగ్గింది. ఒకే అక్షరము రెండు మూడు ధ్వనులకు పనిచేయవలసి వచ్చింది కాబట్టి ఈ శాసనములను చదవడము నేటికీ పండితులకు కష్టమే.

ఈ అక్షరములలో నిలువు గీతలు, ఏటవాలు గీతలే ఎక్కువ. చెక్క మీద కత్తితో గీసేటప్పుడు చెక్క పోగు వెంట అడ్డగీత గీస్తే సరిగా కనబడదు. అందుకే అక్షరములకు ఈ రూపము వచ్చిందని చెబుతారు. మన తెలుగు అక్షరముల గుండ్రదనమునకు తాటాకు, గంటము కారణమని చెప్పినట్లే ఇది కూడా. వ్రాసే వస్తువే అక్షరమునకు ఆకారమిస్తుంది.

మృతుల జ్ఞాపకార్థము నిలిపిన రాళ్ళు

రూన్ అక్షరములంటే మంత్రతంత్రములని చాలామంది అనుకుంటారు. కొన్నింటిని అలా వాడిన మాట నిజమే. అయితే వైకింగుల కాలపు రూన్ శిలలలో అత్యధిక భాగము చెప్పేది ఒక్కటే సంగతి: ఫలానా వారు ఫలానా వారి జ్ఞాపకార్థము ఈ రాయి నిలబెట్టారు. రాయి నిలిపినవారి పేరు ముందు, చనిపోయినవారి పేరు తర్వాత, వారి మధ్యనున్న బంధుత్వము ఆ తర్వాత వస్తాయి. స్వీడన్‌లో ఇలాంటి శిలలు రెండు వేలకు పైగా ఉన్నాయి. అందులో దాదాపు సగము ఉప్లాండ్ అనే ఒక్క సీమలోనివే. డెన్మార్కులో, నార్వేలో ఇంతకంటే చాలా తక్కువ.

9వ శతాబ్దపు ర్యోక్ శిల మీద సుమారు 760 అక్షరములు ఉన్నాయి. వారిన్ అనే తండ్రి చనిపోయిన కుమారుడు వామోద్ కొరకు దానిని వ్రాయించాడు. అందులోని మాటల భావము గురించి పండితులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. కాని మొదటి మాటలోని తండ్రి దుఃఖము గురించి ఏ వాదమూ లేదు. 11వ శతాబ్దములో ఇంగ్వార్ అనే నాయకుని వెంట తూర్పు దేశములకు వెళ్ళి తిరిగి రానివారి కొరకు నిలిపిన శిలలు సుమారు 26 ఉన్నాయి. శవము ఇంటికి రాలేదు, సమాధి లేదు. ఆ రాయే వారికి సమాధి.

ఇక కళ విషయమునకు వస్తే, ఈ శిలల మీద వ్రాత సాధారణముగా ఒక పాము శరీరము లోపల సాగుతుంది. ఆ పాము మెలికలు తిరిగి రాయి అంతటా వ్యాపించి, తన తోకను తానే చుట్టుకుంటుంది. చాలా శిలలలో ఆ మెలికల నడుమ సిలువ గుర్తు ఉంటుంది. కొన్నింటి మీద పాత రంగుల జాడలు కూడా దొరికాయి. అంటే నేడు బూడిద రంగులో కనబడే ఈ రాళ్ళు ఆనాడు ఎరుపు, నలుపు వంటి రంగులతో దారిన పోయేవారికి దూరము నుండే కనబడేవి. చెక్కిన శిల్పులు కొందరు తమ పేర్లు కూడా వ్రాసుకున్నారు. ఉప్లాండ్‌లో పనిచేసిన ఓపిర్ అనే శిల్పి పేరు పదుల సంఖ్యలో శిలల మీద ఉంది.

పాత రూపము, క్రొత్త విశ్వాసము

డెన్మార్కులోని జెల్లింగ్ గ్రామములో సుమారు 965 ప్రాంతములో హరాల్డ్ రాజు నిలిపిన పెద్ద శిల ఉన్నది. తన తండ్రి గోర్మ్, తల్లి థ్యూరా జ్ఞాపకార్థము నిలిపానని, తాను డెన్మార్కును, నార్వేను గెలిచానని, డేనులను క్రైస్తవులుగా చేశానని అతడు దానిపై చెప్పుకున్నాడు. రాతికి మూడు ముఖములు. ఒకదాని మీద వ్రాత, ఒకదాని మీద పాముతో పెనుగులాడే పెద్ద మృగము, మూడవదాని మీద చేతులు చాచిన క్రీస్తు ఉన్నారు. ఆ క్రీస్తు కొయ్య సిలువ మీద లేడు. తీగలవంటి మెలికల నడుమ ఉన్నాడు. శిల్పి తనకు తెలిసిన అల్లిక పనిలోనే క్రీస్తును చూపించాడు.

ఇక్కడ చరిత్ర విద్యార్థి జాగ్రత్తగా ఉండాలి. డేనులను క్రైస్తవులుగా చేసింది తానేనని రాజు అంటున్నాడు. ఆ కాలపు సాక్సను సన్యాసి విడుకింద్ మాత్రము, పోప్పో అనే సేవకుడు కాల్చిన ఇనుమును చేతపట్టి నిరూపించిన తర్వాతే రాజు నమ్మాడని వ్రాశాడు. రాజు శిల మీద ఆ సేవకుని పేరు లేదు. రాజులు చెక్కించిన రాళ్ళు ఎక్కడైనా ఇలాగే మాట్లాడతాయి. కాబట్టి ప్రజల విశ్వాసము తెలియాలంటే ప్రజలు నిలిపిన రాళ్ళను చదవాలి. వాటిలో మూడింటిని చూద్దాము.

మొదటిది నార్వేలోని దిన్నా శిల. 11వ శతాబ్దములో గున్వోర్ అనే తల్లి తన కుమార్తె ఆస్ట్రిడ్ జ్ఞాపకార్థము ఒక వంతెన కట్టించి, ఈ శిలను నిలిపింది. ఆ సీమలో చేతిపనిలో ఆ పిల్లకు సాటి లేదని వ్రాయించింది. రాతి మీద నక్షత్రము, గుర్రముల మీద జ్ఞానులు, శిశువైన యేసు బొమ్మలు చెక్కబడ్డాయి. రెండవది స్వీడన్‌లోని ఫ్రోస్యో ద్వీపపు శిల. ఓస్ట్‌మన్ అనే వ్యక్తి వంతెన కట్టించాడని, యెమ్ట్‌లాండ్ సీమను క్రైస్తవ్యములోనికి తెచ్చాడని అది చెబుతుంది. వంతెన, సువార్త ఒకే రాతి మీద ఉన్నాయి. మూడవది డెన్మార్కులోని హోర్నింగ్ శిల. తోకి అనే కమ్మరి, తనకు బంగారమిచ్చి బానిసత్వము నుండి విడిపించిన యజమాని తోర్‌గిస్ల్ జ్ఞాపకార్థము దానిని నిలిపాడు. ఆ రాతి మీద సిలువ ఉన్నది. నిన్నటి బానిస నేడు తన పేరును రాతి మీద చెక్కించుకోగలిగాడు.

ఎన్నో శిలల చివర, చనిపోయినవారి ఆత్మకు దేవుడు సహాయము చేయాలనే ప్రార్థన ఉంటుంది. మృతుల ఆత్మకు మేలు కలగాలని వంతెన కట్టడము ప్రొటెస్టంటు సంఘముల సిద్ధాంతము కాదు. ఆనాటి పశ్చిమ సంఘపు బోధను ఆ ప్రజలు అలా గ్రహించారు. అయితే ఒక సంగతి గమనించాలి. వారు తమ పాత ఆచారమును పారవేయలేదు, దానిని అలాగే ఉంచుకోనూ లేదు. రాయి అదే, అక్షరము అదే, పాము మెలిక అదే. ప్రార్థన మాత్రము మారింది. విశ్వాసము మారినంత మాత్రాన తమ తండ్రుల పేర్లను మరచిపోనక్కరలేదని వారు ఆ రాళ్ళతో చెప్పారు. ఆచారము ఆగక పెరగడానికి ఒక ముఖ్య కారణము ఇదేనని మేము తలుస్తున్నాము.

మన సీమలోని రాళ్ళు

ఇప్పుడు మన రైలు మార్గమునకు తిరిగి వద్దాము. మహబూబాబాదు దగ్గరి కొరవిలో దొరికిన శాసనము 10వ శతాబ్దపు తెలుగు వచనమునకు సాక్ష్యముగా సాహిత్య చరిత్రలో నిలిచింది. అంటే జెల్లింగ్ శిల లేచిన శతాబ్దములోనే మన సీమలో కూడా రాయి మాట్లాడుతున్నది. ఇంకా ముందుకు వెళితే బయ్యారము చెరువు ఉన్నది. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ ఆ చెరువు త్రవ్వించి శాసనము వేయించింది. కాకతీయుల వంశక్రమము తెలుసుకోవడానికి చరిత్రకారులకు ఆ శాసనము ముఖ్య ఆధారమైంది. అక్కడ గున్వోర్ వంతెన కట్టించింది, ఇక్కడ మైలాంబ చెరువు త్రవ్వించింది. బురద దేశములో వంతెన, ఎండ దేశములో చెరువు. ప్రజలకు పనికివచ్చే పని పక్కనే పేరు నిలపడము రెండు చోట్లా కనబడుతున్నది.

నల్గొండ జిల్లా చందుపట్ల శాసనము మరింత విలువైనది. రాణి రుద్రమదేవి 1295 ప్రాంతము వరకు పాలించిందని పూర్వము చరిత్రకారులు వ్రాసేవారు. 1289 నవంబరు 27 తేదీ గల ఈ శాసనము, రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు మరణించారని తెలిపింది. వారి పుణ్యము కొరకు పువ్వుల ముమ్మడి అనే సేవకుడు భూదానము చేశాడు. డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి దీనిని వెలుగులోనికి తెచ్చారు. ఒక రాణి మరణ సంవత్సరమును మనకు అందించినది ఆమె ఆస్థాన కవి కాదు, ఒక సేవకుడు నిలిపిన గ్రామపు రాయి. ఆ రాయిని ఎవరైనా పగులగొట్టి గోడలో వేసి ఉంటే చరిత్ర తప్పుగానే మిగిలిపోయేది.

వీరగల్లులు మరొక రకము. యుద్ధములోనో, ఊరి పశువుల మందను దొంగల నుండి కాపాడుతూనో చనిపోయినవాని కొరకు నిలిపిన రాళ్ళివి. చాలా వీరగల్లులలో క్రింది భాగమున పోరు, నడుమ వీరుని పైలోకమునకు తీసుకుపోయే స్త్రీలు, పై భాగమున అతడు శివలింగము ముందు ఉండటము చెక్కబడి ఉంటాయి. సూర్యచంద్రులు ఉన్నంతకాలము ఈ కీర్తి నిలవాలని పైన వారి గుర్తులు వేస్తారు. అక్షరము లేని వీరగల్లులు మన సీమలో ఎన్నో ఉన్నాయి. రూన్ శిలకు, దీనికి ఉన్న పెద్ద తేడా ఇదే. అక్కడ పేరు ముఖ్యము, బొమ్మ దానికి అలంకారము. ఇక్కడ బొమ్మ మిగిలింది, పేరు పోయింది.

డోర్నకల్ చూపిన దారి

అదే రైలు మార్గములో డోర్నకల్ ఉన్నది. 1912లో ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందిన వి.ఎస్. అజరయ్య గారు అక్కడ సేవ చేశారు. 1939లో ప్రతిష్ఠించబడిన అక్కడి ఎపిఫనీ కేథీడ్రల్‌లో మసీదు గుమ్మటముల పోలిక, దేవాలయ స్తంభముల పోలిక కలిసి ఉన్నాయి. ఎపిఫనీ అంటే జ్ఞానులు నక్షత్రమును చూచి శిశువు దగ్గరకు వచ్చిన సంఘటనను స్మరించే పండుగ. దిన్నా శిల మీద చెక్కినదీ అదే సంఘటన. ఉత్తర దేశపు తల్లికీ, డోర్నకల్ సంఘమునకూ దూరము నుండి వచ్చిన జ్ఞానులలో తమ పోలిక కనబడి ఉండవచ్చునని మేము అనుకుంటున్నాము. ఇరువురూ తమ నేల మీది శిల్పుల పనితనముతోనే ఆ సంగతి చెప్పారు.

ముగింపు

యెహోషువ గ్రంథము 4వ అధ్యాయములో యొర్దాను నుండి తెచ్చిన పన్నెండు రాళ్ళను గిల్గాలులో నిలిపారు. ఆ రాళ్ళ మీద అక్షరములు ఉన్నట్లు అక్కడ చెప్పబడలేదు. పిల్లలు అడిగినప్పుడు పెద్దలు జవాబు చెప్పాలని మాత్రము ఆజ్ఞ ఉన్నది. చెప్పే నోరు లేనప్పుడు రాయి మూగదవుతుంది. పేరు పోయిన మన వీరగల్లుల సంగతి అదే.

కాబట్టి మన కాపరులకు మేము మూడు మాటలు మనవి చేస్తున్నాము. మొదటిది, పొలములో పాత రాయి కనబడితే దానిని పూజించనక్కరలేదు, పగులగొట్టనూ కూడదు. సున్నము, రంగు పూయవద్దు. ఉన్నచోటనే ఉంచి, ఫోటో తీసి, రాష్ట్ర వారసత్వ శాఖకు తెలియజేయండి. స్వీడన్‌లో ఎన్నో రూన్ శిలలను ఒకప్పుడు గుడి గోడలకు, గడపలకు వాడుకున్నారు. అదే సంఘపు కాపరులు తర్వాతి కాలములో వాటిని వెదకి, నకలు వ్రాసి, కాపాడారు.

రెండవది, మన సంఘములలో మొదటి తరము విశ్వాసులు చాలామంది ఏ శాసనములోనూ చోటు దొరకని కుటుంబములవారు. వారికి చెరువు కట్ట మీద రాయి లేదు, వీరగల్లు లేదు. వారి పేర్లు మొదటిసారి వ్రాయబడినది అనేక చోట్ల బాప్తిస్మపు రిజిస్టరులోనే. హోర్నింగ్ రాతి మీద కమ్మరి తోకి పేరు ఎటువంటిదో, ఆ పుస్తకములో మన ముత్తవ్వ పేరు అటువంటిది. ఆ పుస్తకము చెదలు పట్టే బీరువాలో ఉన్నదా, వాన కురిసే గదిలో ఉన్నదా? ఈ వారమే చూడండి. ప్రతి పుట ఫోటో తీసి రెండు చోట్ల దాచండి.

మూడవది, సమాధి రాతి మీద పేరు తెలుగులో స్పష్టముగా వ్రాయించండి. స్త్రీల పేర్లు వారి సొంత పేర్లతో ఉండాలి, ఫలానా వారి భార్య అని మాత్రమే కాదు. రాయి పెట్టించుకోలేని పేద కుటుంబమునకు సంఘమే ఆ ఖర్చు భరిస్తే మంచిది. దేవుని గ్రంథములో పేరు ఉండటము దేవుని పని. మనుష్యుల మధ్య ఆ పేరు చెరిగిపోకుండా చూడటము సంఘము చేతిలో ఉన్న పని.