బాట విడిచిన బండ్లు

బాట యుండగా దానిని విడిచి, బురదలోనికి, ఇసుకలోనికి, రాళ్లగుట్టలమీదికి మోటారుబండిని తోలుకొని పోవుట నేడు లోకమున నొక వినోదము. దానికి సంఘము లున్నవి, పోటీ లున్నవి, ప్రత్యేకముగ చేయించుకొన్న బండ్లున్నవి, ఆ బండ్ల చక్రములనుగూర్చి తెల్లవార్లు వాదించుకొను మిత్రబృందములు కూడ నున్నవి. 'ఆఫ్ రోడింగ్' అను ఇంగ్లీషు పేరే దీనికి మనవారిలోను స్థిరపడినది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణముల యువకులు సెలవు దినములలో గుంపులుగా కూడి యీ సరదా తీర్చుకొనుచున్నారు. శ్రీకాకుళము మొదలు హంసలదీవి వఱకు గల కృష్ణాతీరపు చరిత్ర నెఱిగినవారికి ఈ మాట విన్నపుడు చిఱునవ్వు రాక మానదు. ఈ సీమ ప్రజలు బాటకొఱకు వందల యేండ్లు పాటుపడిరి. బాట లేనిచోట బండి తోలుటలో వారు ఆఱితేఱినది సరదాకొఱకు కాదు, గత్యంతరము లేక.

శ్రీకాకుళమనగానే మన శ్రోతలకు ఉత్తరాంధ్రమందలి జిల్లా కేంద్రము తలపునకు వచ్చును. మేము చెప్పుచున్నది ఘంటసాల చెంత, కృష్ణ యెడమ గట్టున, ఆంధ్ర మహావిష్ణువు వెలసిన గ్రామమును గూర్చి. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రా సందర్భమున నిచట ఆగి, ఏకాదశీ వ్రతముండి, కలలో స్వామి యానతి పొందినట్లు ఆముక్తమాల్యద అవతారికయే తెలుపుచున్నది. పదునాఱవ శతాబ్దపు తొలిపాదమున జరిగిన యా కలనుగూర్చి మన పండితులు చాల వ్రాసిరి. ఆ సేన యీ నేలను ఎట్లు దాటెనన్న ప్రశ్నకు అంత శ్రద్ధ దొరకలేదు. స్వప్నముకంటె బురద తక్కువ కావ్యయోగ్యము కాబోలు.

శ్రీకాకుళమునకు దిగువ, పులిగడ్డయొద్ద కృష్ణ రెండు పాయలుగా చీలును. ఆ పాయల నడుమ నున్నదే దివిసీమ. ఏటి పొడవున ఇసుకమేటలు, లంకలు, గట్టు దాటిన నల్లరేగడి, అవనిగడ్డ, నాగాయలంక దాటి పోయినకొలది చవుటినేల, దాని కావల మడ అడవుల రొంపి, కొసను సముద్రపుటిసుక. వీనిలో నేదియు బండికి అనుకూలము కాదు. అందును ఒక్కొక్కటి ఒక్కొక్క రీతిని ప్రతికూలము. ఎండిన రేగడి బీటలలో చక్రము ఇఱుకుకొనును. తడిసిన రేగడి చక్రమునకు చుట్టుకొని దానిని మట్టిముద్దగా చేయును. చవుడు పైకి గట్టిగా కనిపించి, పలుచని పెచ్చు విఱిగినంతనే లోనికి దిగవేయును. ఇసుకలో చక్రము తిరిగినకొలది గొయ్యి లోతగును. బందరు కడనున్న మంగినపూడి తీరమున నల్లమట్టి యుండుటచే, సముద్రపుటొడ్డున రేగడిలో దిగబడు విచిత్రము కూడ ఈ సీమకే దక్కినది.

ఈ తీరమునుండి గోల్కొండకు పోవు మార్గము పదునేడవ శతాబ్దమున లోకప్రసిద్ధమైనది. బందరు కలంకారీ బట్టలు, గోల్కొండ వజ్రములు ఆ దారినే రాకపోకలు సాగించెను. 1652లో మచిలీపట్టణమున ఓడ దిగిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఈ రాజ్యపు ప్రయాణములను వర్ణించుచు, కొండలు, చెఱువులు, ఏఱులు అడ్డుపడుటచే బండ్లు నడచుట దుర్లభమనియు, సరుకులు ఎద్దులమీదను గుఱ్ఱములమీదను పోవుచుండెననియు వ్రాసెను. తన చిన్న బండిని వజ్రపు గనులకు కొనిపోవుటకు పలుచోట్ల దానిని ఊడదీయవలసి వచ్చెనట. బండిని ముక్కలు చేసి, మోయించి, అవతల మరల బిగించుకొనుట! నేటి వినోదప్రియులలో ఎవరైన ఇట్టి ఘనకార్యము చేసినచో దానిని ఏడాది పొడవునను చెప్పుకొందురు.

మన రైతుబండి ఈ నేలకు తగినట్లు రూపొందిన యంత్రము. చక్రము ఎత్తైనది, వెడల్పు తక్కువ. ఎత్తైన చక్రము గోతిలో పూర్తిగా మునుగక గట్టు నెక్కగలదు. ఇఱుకైన ఇనుపపట్టా బురదను కోసికొని అడుగుననున్న గట్టినేలను అందుకొనగలదు. అడుగున గట్టినేల యున్నంతవఱకే ఈ ఉపాయము పనిచేయును. ఇసుకలో అదే చక్రము కత్తివలె దిగిపోవును. కనుకనే టైరుబండ్లు వచ్చినపుడు లంక గ్రామములవారు వానిని సంతోషముతో ఆదరించిరి. వెడల్పైన టైరు ఇసుకపై తేలును. నేటి మోటారు సరదాదారులు ఇసుకలో దిగుటకు ముందు టైరులలోని గాలిని చదరపు అంగుళమునకు 30 పౌనులనుండి 15, 18 పౌనులకు తగ్గింతురు. చప్పబడిన టైరు నేలపై విశాలముగా పఱచుకొని బరువును పంచును. గట్టిబాట యెక్కినంతనే మరల గాలి నింపవలెను. లేనిచో టైరు వేడెక్కి చెడును.

బండివాని తెలివి చక్రముతో ముగిసినది కాదు. రొంపిలో బండి నాపరాదని వాని మొదటి నియమము. ఆగిన బండిని కదల్చుటకు నడచుచున్న బండికంటె ఎన్నోరెట్లు బలము కావలెను. దిగబడెనా, ముందు బరువు దింపును. చక్రముల క్రింద తాటిమట్టలు, వరిగడ్డి పఱచును. వెనుకబండి యెద్దులను విప్పి తెచ్చి, మోకుతో ముందు కట్టును. అందుచేతనే తెలియని దారిని ఒంటి బండి పోదు. పుంతలు నీట మునిగినపుడు కోతలైన పొలములకు అడ్డముగా పోవుటను అందఱు ఓర్చుకొనెడివారు. పైరుమీదుగా పోయినచో మాత్రము తగవు తప్పదు. ఎవరి గట్టు తెగినను మరల వేసి పోవలెను. నేటి సంఘముల నియమములను చదివిన, జంటబండి లేనిదే కదలరాదు, ఇరువైపుల గట్లు చెఱుపరాదు అని ఇంచుమించు ఇదే కనబడును.

బండి తోలుటలో పందెమును, ఉబలాటమును ఈ సీమకు క్రొత్తవి కావు. గుడివాడ ప్రాంతమున సంక్రాంతికి జరుగు బండలాగుడు పందెములను చూచినవారు మా మాట నొప్పుకొందురు. చక్రమే లేని రాతిబండను ఒంగోలు జాతి ఎద్దుల జత నేలబారున ఈడ్చుకొని పోవలెను. పాలపళ్లు, రెండుపళ్లు, నాలుగుపళ్లు, ఆఱుపళ్లు అని ఎద్దుల ప్రాయమునుబట్టి తరగతులు. నియమిత కాలములో ఎంత దూరము లాగినదన్నదే లెక్క. ఒక జతకొఱకు రైతు పెట్టు ఖర్చు దుక్కికి సంబంధించిన లెక్క కానేకాదు. ఎద్దుల మేతను, గిట్టలను, రక్తమును గూర్చి ఊరూర జరుగు ఆ చర్చలు వినినచో, మోటారు వినోదప్రియుల టైరు చర్చలు వాని తోబుట్టువులని తోచును.

ఇక బాటల సంగతి. డెల్టాలో రాయి లేదు. కంకర దూరమునుండి రావలెను. 1852లో ప్రారంభమై, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణమున 1855లో ముగిసిన విజయవాడ ఆనకట్టవలన సాగునీటితోపాటు నీటిబాటలు కూడ లభించినవి. గట్టుమీదినుండి మనుష్యులు త్రాటితో లాగెడి పడవలు ధాన్యమును, ప్రయాణికులను మోసినవి. కాలువ యుండుటచే రోడ్డు తొందర తగ్గినది. ఒక విధముగ ఆ కాలువలే బండికి క్రొత్త అడ్డంకులు. కరకట్టలు, కాలువగట్లు మాత్రము వరద పాలుగాని ఎత్తైన నేలలగుటచే బాటలైనవి. శ్రీకాకుళము మీదుగ అవనిగడ్డకు పోవువాడు నేటికిని కరకట్టమీదనే పోవచ్చును.

ఎంత శ్రమపడి వేసిన బాటయైనను ఇచట ఒక్క రాత్రిలో మాయము కాగలదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుమీద విఱుచుకొనిపడిన ఉప్పెనలో ఇంచుమించు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పదివేలమందికి పైగా ప్రాణములను హరించినది. అప్పుడు కూలిన చెట్లు, కళేబరములు, తెగిన గట్లు దారులను మూసివైచినవి. అన్నము, నీరు, మందులు ఉన్నచోటినుండి లేనిచోటికి పోవలె నన్నచో బాట లేని నేలను దాటగలుగుటయే ప్రాణాధారము. ఈ విద్యను కేవలము కలవారి కాలక్షేపమని త్రోసివేయుటకు మాకు మనసొప్పనిది ఇందువలననే. 2018 ఆగస్టులో కేరళమున వరదలు వచ్చినపుడు అచటి వినోదసంఘములవారు తమ ఎత్తైన బండ్లను సహాయకార్యములకు దింపిరి. మామూలు కారులు పోలేని వీధులలో అవి నడచినవి.

ఆ బండ్ల మూలపురుషుడు జీపు. 1940లో అమెరికా సైన్యము కోరగా బాంటమ్ అను చిన్న కంపెనీ దాని నమూనా చేసెను. యుద్ధము ముగియులోపల విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆఱు లక్షలకు పైగా తయారుచేసినవి. మామూలు కారున యంత్రబలము రెండు చక్రములకే పోవును. అందులో ఒకటి బురదలో పడి తేలికగా తిరుగనారంభించిన, బలము దానివెంటనే వృథాగా పోయి, గట్టినేలనున్న రెండవది ఊరకుండును. జీపున నాలుగు చక్రములకును బలము చేరును; మఱియొక గేరు వేసి వేగమును తగ్గించి లాగుబలమును పెంచవచ్చును. వెనుకబండి యెద్దులను తెచ్చి ముందు కట్టిన బండివాని యుక్తియు ఇట్టిదే. మన దేశమున మహీంద్రావారు 1940వ దశాబ్దపు చివర విల్లీస్ జీపులను బిగించుట మొదలిడిరి. ఎన్నికల జీపు, తాసీల్దారు జీపు, పోలీసు జీపు: పల్లెలలో చాల కాలము జీపనగా సర్కారే.

పనిముట్టు సరదాగా మాఱుట ఇతర దేశములలో ముందుగా జరిగినది. ఇంగ్లండున 1908 నాటికే లండనునుండి లాండ్స్ ఎండ్ వఱకు మోటారు పరీక్షలు సాగినవి. చెడ్డదారుల ఎత్తులను ఆగకుండ ఎక్కుటయే అందు నేర్పు. మారిస్ విల్క్స్ అను ఇంజనీరు తన పొలమున వాడుచున్న పాత సైనిక జీపును చూచి, 1947లో వేల్సు తీరపు టిసుకలో క్రొత్తబండి రూపమును గీచి చూపెనందురు; మఱుసటియేడు లాండ్ రోవర్ వెలువడినది. 1953లో కాలిఫోర్నియాలోని జార్జిటౌను పౌరులు తమ ఊరికి ఆదాయము కలుగునని తలచి, రూబికాన్ అను రాతిదారిని జీపుల యాత్ర నడపిరి. అది నేడు ఈ వినోదమునకు తీర్థస్థానమువంటిది. 1997లో మలేసియాలో మొదలైన వర్షారణ్య పోటీ 2014లో గోవాకును వచ్చినది.

సరదాతో తగవులును వచ్చినవి. ఎడారులను, ఇసుకదిబ్బలను బండ్లు చెఱుచుచున్నవని అమెరికాలో గోలపుట్టగా, 1972లో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వభూములలో బండ్లు ఎచట పోవచ్చునో ఎచట పోరాదో నిర్ణయింపుడని ఉత్తరువు చేసెను. బాట లేని నేల యెవరిదియు కాదన్న భ్రమకు అది చట్టరీత్యా మొదటి దెబ్బలలో నొకటి.

ఈ భ్రమ మన తీరమునను ప్రవేశించుచున్నది. హంసలదీవి సాగరసంగమమునకు మాఘపూర్ణిమనాడు ప్రజలు పూర్వము బండ్లు కట్టుకొని వచ్చెడివారు. నేడు ట్రాక్టరులు, కారులు వచ్చుచున్నవి. సరదా బండ్లకు ఆ విశాలమైన ఇసుక కన్నులపండువు. కాని జనవరి మొదలు వేసవి తొలినాళ్ల వఱకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు అదే ఇసుకను త్రవ్వి గ్రుడ్లు పెట్టును. మాఘపూర్ణిమ ఆ దినములలోనే వచ్చును. ఒక్కొక్క గూటిలో నూఱు గ్రుడ్ల వఱకుండును, మూరెడు లోతున, పైకి గుర్తు తెలియదు. ఇంచుమించు యేబది దినములకు పిల్లలు వెలువడి సముద్రముకేసి ప్రాకును. మనకు లెక్కలోనికి రాని జానెడు లోతు టైరుచాలు రెండంగుళముల పిల్లకు గోడ. అది చాలులో పడి, ఆ చాలు పొడవుననే తిరుగులాడి, ఎండకో కాకికో బలియగును. దాని చేరువనే 1989లో ఏర్పడిన కృష్ణా అభయారణ్యపు మడ అడవులు, వానిలో బావురుపిల్లి. ఉప్పెన వేగమును కొంత తగ్గింపగలది కూడ ఆ మడయే. రొంపిలో ఒక్కసారి తిరిగిన చక్రము పైకివచ్చిన మడవేళ్లను విఱుచును.

మా యెఱుకలో ఈ సీమ వినోదప్రియులకు చోటు లేకపోలేదు. వేసవిలో ప్రకాశం బారేజికి దిగువ కృష్ణ యెండి, శ్రీకాకుళపు రేవు ముందు ఇసుక విశాలముగా బయటపడును. అపరాలు తీసిన రేగడిచేలు రైతు సమ్మతించిన జూన్ వానలవఱకు ఖాళీయే. తొలకరి పడి దమ్ము మొదలైనపుడు ఇనుపచక్రముల ట్రాక్టరు మడిలో తిరుగుటకంటె కఠినమైన బురద పరీక్షను ఏ పోటీలోను మేము విని యుండలేదు. ఆ ట్రాక్టరు తోలు కుఱ్ఱవాడు, గట్టు చేరగనే దిగి, రోడ్డు చెడునని దమ్ముచక్రములను విప్పి, టైరులు తగిలించుకొని గాని ఇంటికి పోరాదు. తొందరలో కొందఱు విప్పకయే పోవుదురు. వారిని ఊరివారు రోడ్డుమీదనే నిలిపి యడుగుదురు. హంసలదీవి యిసుకలో అట్లు నిలిపి యడుగువారు, అటవీశాఖ కాపలాదారులు తప్ప, ఇంకను చాలమంది లేరు. వారు రాత్రులు తీరము వెంబడి కాలినడకను పోవుచు, తాబేలు ప్రాకిన జాడను బట్టి గ్రుడ్లను వెదకి తీసి, పొదుగుదొడ్లలో పాతిపెట్టుచున్నారు. టైరుచాళ్లు పడినచోట ఆ జాడ చెదరిపోవును.