ఖండతీరపు అంచు హద్దుల నిర్ణయం: గోదావరి ఒండ్రు నుంచి సముద్రగర్భ హక్కుల వరకు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలకు సముద్ర తీరం లేదు. అయినప్పటికీ ధర్మపురి మీదుగా ప్రవహించే గోదావరి, సిరిసిల్ల చెంత సాగి గోదావరిలో కలిసే మానేరు యుగాలుగా మోసుకొనిపోయిన ఒండ్రు బంగాళాఖాతాన్ని చేరినది. అక్కడి అవక్షేపాలలో అధిక భాగం గంగా, బ్రహ్మపుత్ర నదులదే అయినా గోదావరికీ అందులో వాటా ఉన్నది. ఈ అవక్షేపాల మందమే సముద్రగర్భంపై దేశానికి గల హక్కుల పరిధిని నిర్ణయించే ప్రమాణాలలో ఒకటి కావడం గమనార్హం.

నిర్ణయించే విధానం

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒడంబడిక 76వ అధికరణం ప్రకారం ప్రతి తీర దేశానికి ఆధార రేఖ నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు ఖండతీరపు అంచుపై హక్కు లభిస్తుంది. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లకు సమానం. భూభాగపు సహజ కొనసాగింపు అంతకు మించి ఉన్నట్లయితే ఈ క్రింది రెండు సూత్రాలలో దేనినైనా అనుసరించవచ్చును.

1. ఖండతీరపు వాలు పాదం నుంచి 60 నాటికల్ మైళ్ల దూరం.
2. వాలు పాదం నుంచి గల దూరంలో కనీసం ఒక శాతం మందం మేర అవక్షేప శిలలు ఉన్న స్థానం. ఉదాహరణకు 100 కిలోమీటర్ల దూరాన కనీసం 1 కిలోమీటరు మందం ఉండవలెను.

అయితే ఈ హద్దు సాధారణంగా ఆధార రేఖ నుంచి 350 నాటికల్ మైళ్లను గాని, 2,500 మీటర్ల లోతు రేఖ నుంచి 100 నాటికల్ మైళ్లను గాని మించరాదు. దక్షిణ బంగాళాఖాతంలోని దేశాలకు మాత్రం ప్రత్యేక అవగాహన ప్రకటన ద్వారా 1 కిలోమీటరు మందం ప్రమాణంగా ఒక వెసులుబాటు కల్పించబడినది.

కమిషన్ పాత్ర

తీర దేశాలు తమ శాస్త్రీయ ఆధారాలను 21 మంది సభ్యుల కమిషన్‌కు సమర్పిస్తాయి. దాని సిఫారసుల ఆధారంగా నిర్ణయించుకున్న హద్దులు అంతిమమైనవి. పొరుగు దేశాల నడుమ సరిహద్దు వివాదాలను పరిష్కరించే అధికారం ఈ కమిషన్‌కు లేదు.

భారతదేశం 1995లో ఒడంబడికను ధ్రువీకరించి, 2009 మే 11న తన తొలి పాక్షిక ప్రతిపాదనను కమిషన్‌కు సమర్పించినది. బంగ్లాదేశ్‌తో గల సముద్ర సరిహద్దు వివాదం వేరుగా మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ ద్వారా 2014 జూలై 7న పరిష్కారమైనది.

గమనించవలసిన అంశాలు

200 నాటికల్ మైళ్లకు ఆవల హక్కులు సముద్రగర్భంలోని ఖనిజాలకు, చమురు, సహజ వాయువులకు, అడుగునే అంటిపెట్టుకొని ఉండే జీవులకు మాత్రమే వర్తిస్తాయి. పైనున్న జలాలలో చేపల వేట ఈ హక్కు పరిధిలోనికి రాదు. రాజ్యాంగం 297వ అధికరణం మేరకు ఈ సంపద కేంద్రానికే చెందుతుంది; తీర రాష్ట్రమైనా, గోదావరి ఎగువ రాష్ట్రమైనా దీనిపై నేరుగా యాజమాన్యం కోరజాలదు.