పేషెంట్ తాలూకు ఎవరండీ?

ఈసారి కోటలు, రాజులు కాదు. ఆస్పత్రి వరండా నుంచి మొదలుపెడదాం.

రాత్రి పదకొండింటికి వార్డు తలుపు కొంచెం తెరుచుకుంటుంది. సిస్టర్ ఒక కేక వేస్తారు: "పేషెంట్ తాలూకు ఎవరండీ?" బెంచీ మీద కునుకు తీస్తున్న మనిషి ఉలిక్కిపడి లేచి, చెప్పులు వెతుక్కుని, మందుల చీటీ పట్టుకుని పరిగెడతాడు. చీటీ మీద పేషెంట్ పేరుంటుంది, డాక్టర్ పేరుంటుంది. ఈ మనిషి మాత్రం ఉత్త "తాలూకు".

2022 చివర్లో మా ఇంట్లో ఆ తాలూకు మా అమ్మ. నానమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. అమ్మ అప్పటికి పదకొండేళ్లుగా ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్. ఉద్యోగం మానేసింది. మానెయ్యమని ఎవరూ అనలేదు. మా నలుగురిలో ఎవరు మానెయ్యాలి అన్న చర్చ కూడా జరగలేదు. నాన్న విషయంలో గానీ నా విషయంలో గానీ ఆ ప్రశ్నే రాలేదు. నేను హైదరాబాద్‌లో నైట్ షిఫ్టులు చేస్తూ నెలకి ఇరవై వేలు పంపేవాణ్ణి. నా వంతు అయిపోయింది అనుకునేవాణ్ణి.

రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. ముక్కు గొట్టంలోంచి జావ పొయ్యాలి, అదీ నెమ్మదిగా, తల ఎత్తిపెట్టి. డైపర్లు, దుప్పట్లు, ఫిజియోథెరపీ. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఒకరాత్రి బాత్రూంలో కుళాయి ఆగకుండా పోతోంది. తలుపు కొట్టాను. అమ్మ లోపల ఏడుస్తోంది. వినపడకూడదని కుళాయి తిప్పింది. బయటికొచ్చి "ఏం లేదురా, బట్టలు నానబెడుతున్నా" అంది.

మర్నాడు అత్తయ్య ఫోన్ చేసింది. స్పీకర్‌లో విన్నాను. "అమ్మని నువ్వు చూస్తున్నావు, మాకు నిశ్చింత వదినా. నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా." ఆవిడ ప్రేమగానే అంది. అమ్మ కూడా నవ్వేసింది.

ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా. ఈ ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క మాట గురించే. ఎందుకంటే సరిగ్గా ఇదే మాటని ఒక ప్రభుత్వం తన అధికారిక పత్రంలో రాసుకుంది, దాని మీద ఒకావిడ కోర్టుకెళ్లింది. ఇది బ్రిటన్ కథ. ముప్పై ఏళ్లకి పైగా సాగింది.

1954. మేరీ వెబ్‌స్టర్ అనే ఆవిడ చర్చిలో మినిస్టర్, అంటే పాస్టర్. ఆ రోజుల్లో ఆడవాళ్లు ఆ స్థానంలో ఉండటమే అరుదు. వయసు 31. ముసలి అమ్మానాన్నల్ని చూసుకోవడానికి ఆ పని వదిలేసింది. పెళ్లి కాని కూతురు కాబట్టి ఆవిడే చూడాలి, అందరి లెక్కా అదే. మన దగ్గర కోడలు ఎలాగో, అక్కడ పెళ్లికాని కూతురు అలాగన్నమాట.

దాదాపు తొమ్మిదేళ్లు గడిచాక, 1963 జనవరిలో ఆవిడ పత్రికలకి ఒక ఉత్తరం రాసింది. తనలాంటి వాళ్ల జీవితాన్ని గృహనిర్బంధంతో పోల్చింది. జాలి చూపించండి అని కాదు ఆవిడ అడిగింది. మా డబ్బు సంగతేంటి, మా ఉద్యోగాల సంగతేంటి అని అడిగింది. జవాబులు కట్టలు కట్టలుగా వచ్చాయి. ఊరూరా ఇలాంటి కూతుళ్లు ఉన్నారు, కానీ ఒక్కొక్కరూ "నా ఒక్కదానికే ఇలా" అనుకుంటూ తలుపు వెనక ఉన్నారు.

ఈ భాగం చదువుతున్నప్పుడు నాకు బాత్రూంలో కుళాయి గుర్తొచ్చింది.

అసలు ఇబ్బంది ఎక్కడుందంటే, బ్రిటన్‌లో యుద్ధం తర్వాత వచ్చిన సంక్షేమ వ్యవస్థ ఇన్సూరెన్స్ మీద నడుస్తుంది. ఉద్యోగం చేస్తే వారం వారం చందా కడతారు, ముసలితనంలో పెన్షన్ వస్తుంది. భార్యకి భర్త చందా మీద ఎంతో కొంత వచ్చేది. మరి అమ్మానాన్నల కోసం ఉద్యోగం మానేసిన ఒంటరి కూతురికి? చందా ఆగిపోతుంది. ఇరవై ఏళ్ల తర్వాత తల్లిదండ్రులు పోతారు. అప్పటికి ఈవిడకి యాభై దాటుతుంది. చేతిలో ఉద్యోగం ఉండదు, పెన్షన్‌లో పెద్ద గుంత ఉంటుంది, వెనక ఎవరూ ఉండరు.

1965లో వెబ్‌స్టర్, ఆవిడతో చేరినవాళ్లు కలిసి ఒక జాతీయ సంఘం పెట్టారు. పేరు తెలుగులో చెప్తే "ఒంటరి మహిళ, ఆమెపై ఆధారపడినవారి జాతీయ మండలి". నోరు తిరగదు, కానీ ఆ పేరులోనే విషయం మొత్తం ఉంది. 1967లో పన్ను మినహాయింపు సాధించారు. (జీతమే లేని మనిషి పన్ను మినహాయింపుని ఏం చేసుకుంటుంది అని మీకు డౌట్ రావాలి. మన ఇన్‌కమ్ ట్యాక్స్ పాత రెజీమ్‌లో 80డీడీ సెక్షన్ కూడా అంతే: వైకల్యం ఉన్న కుటుంబసభ్యుడికి 75,000, తీవ్రమైతే 1,25,000 తగ్గింపు. జీతం ఉన్నవాళ్లకి పనికొస్తుంది. మా ఇంట్లో అయితే అది క్లెయిమ్ చెయ్యగలిగేది అమ్మ కాదు, నాన్న.)

వెబ్‌స్టర్ 1969లో చనిపోయింది. 46 ఏళ్లకే.

1971లో అటెండెన్స్ అలవెన్స్ వచ్చింది. ఇది పెద్ద మలుపే, కానీ ఆ డబ్బు వచ్చేది రోగికి. చూసుకునే మనిషికి కాదు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకి నెలకి 15,000 పెన్షన్ ఇస్తున్నారు, అంతకుముందు 5,000 ఉండేది. చాలా ఇళ్లకి అది ప్రాణం పోసిన డబ్బు, అందులో సందేహం లేదు. అయితే అది ఆ మంచం మీద ఉన్నవాళ్ల పేరు మీద వస్తుంది. మంచం పక్కన ఉన్న మనిషి ఏ జాబితాలోనూ ఉండదు. కేరళలో మాత్రం ఆశ్వాసకిరణం అని ఒక పథకం ఉంది. మంచాన పడ్డవాళ్లని చూసుకునే మనిషికే నెలకి 600 రూపాయలు. 600 అంటే నవ్వొస్తుంది, డైపర్ ప్యాకెట్లకే సరిపోదు. కానీ "చూసుకునే మనిషి" అనే కాలమ్ ఒక ప్రభుత్వ రికార్డులోకి ఎక్కింది.

బ్రిటన్‌లో ఆ కాలమ్ 1976లో వచ్చింది. ఇన్వాలిడ్ కేర్ అలవెన్స్. వారానికి కనీసం 35 గంటలు ఒక తీవ్ర అనారోగ్యం ఉన్న మనిషిని చూసుకుంటూ ఉద్యోగం చెయ్యలేకపోతే, ఆ చూసుకునే మనిషికే డబ్బు. కండిషన్లు చదువుకుంటూ పోతే నాలాంటి కోడ్ రాసే బుర్రకి ఒక లైన్ దగ్గర ఆగిపోవాలనిపిస్తుంది. పెళ్లయిన మగవాడికి? వస్తుంది. పెళ్లికాని స్త్రీకి? వస్తుంది. పెళ్లయిన స్త్రీకి? రాదు. పెళ్లి కాకుండా ఒక మగవాడితో కలిసి ఉంటున్నా రాదు.

కారణం 1974 నాటి ప్రభుత్వ పత్రంలోనే ఉంది. పెళ్లయిన ఆడవాళ్లు ఎలాగూ ఇంట్లోనే ఉండొచ్చు కదా అని. అత్తయ్య మాటే, ముద్ర వేసిన కాగితం మీద. అంటే దేశంలో ఈ పని చేసే అతిపెద్ద గుంపునే లెక్కలోంచి తీసేసి, మిగిలిన కొద్దిమందికి అలవెన్సు ఇచ్చారు. ఖర్చు తగ్గించుకోవడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు.

ఇక్కడే జాకీ డ్రేక్ వస్తుంది. పెళ్లయింది, భర్తతో ఉంటోంది, ఉద్యోగాలు చేసుకుంటోంది. 1984లో తీవ్ర వైకల్యం ఉన్న వాళ్లమ్మ వీళ్లింటికి వచ్చేసింది. డ్రేక్ ఉద్యోగం మానేసింది. చూశారా, ఈవిడ "ఎలాగూ ఇంట్లో" లేదు. అమ్మ కోసం ఇంట్లో ఉండాల్సొచ్చింది. 1985 ఫిబ్రవరిలో అలవెన్సుకి అప్లై చేసింది. పెళ్లయింది కాబట్టి రాదన్నారు. పేదరికం మీద పనిచేసే ఒక సంస్థ సాయంతో పోరాడింది. ట్రిబ్యునల్ ఆవిడ వైపు చెప్పింది. అధికారులు అప్పీల్‌కి వెళ్లారు. అక్కణ్ణుంచి విషయం లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ కోర్టుకి చేరింది. సామాజిక భద్రతలో ఆడామగా తేడా చూపించకూడదని యూరప్ దేశాలు 1978 డిసెంబర్‌లో ఒక ఆదేశం ఒప్పుకున్నాయి, 1984 డిసెంబర్ లోపు అమలు చెయ్యాలి. అదే డ్రేక్ చేతిలో ఆయుధం.

బ్రిటన్ వాదన వినండి. ఈ ఆదేశం పనిచేసే మనిషికి జబ్బో వైకల్యమో వస్తే వర్తిస్తుంది, ఇక్కడ జబ్బు తల్లికి, డబ్బు కూతురికి, కాబట్టి ఇది వర్తించదు అని. టెక్నికల్‌గా చూస్తే తెలివైన వాదనే. కోర్టు ఒప్పుకోలేదు. డబ్బు ఎవరి చేతికి ఇచ్చినా, అది వైకల్యం వల్ల వచ్చే అవసరానికే ఇస్తున్నారు, చేతులు మార్చి తప్పించుకోలేరు అంది. తీర్పు 1986 జూన్ 24న వచ్చింది. గమ్మత్తేంటంటే, సరిగ్గా ఒకరోజు ముందు, జూన్ 23న, పెళ్లయిన స్త్రీలకి కూడా ఇస్తామని ప్రభుత్వమే ప్రకటించేసింది. ఓడిపోతామని తెలిసిన టీమ్ ముందే షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు. 1984 డిసెంబర్ నుంచి బకాయిలు కూడా ఇవ్వాల్సొచ్చింది.

ఈలోపు ఇంకోటి జరిగింది. 1981లో జుడిత్ ఆలివర్ అనే ఆవిడ, భర్తని చూసుకుంటున్న మనిషి, పెళ్లయినవాళ్లు, కానివాళ్లు, మగవాళ్లు అందరికీ కలిపి "కేరర్స్" పేరుతో సంఘం పెట్టింది. కూతురు, భార్య, అన్న అనే చుట్టరికాలు పక్కనపెట్టి, చేసే పనికి ఒక పేరు. 1995లో కేరర్ల పేరుతోనే చట్టం వచ్చింది. అక్కడంతా బాగుందని అనుకోకండి. ఆ అలవెన్సు ఇప్పటికీ వారానికి 80 పౌండ్లకి కాస్త పైనే. బయట చేసే చిన్న ఉద్యోగంలో సంపాదన పరిమితిని ఒక్క పౌండ్ దాటితే ఆ వారం అలవెన్సు మొత్తం పోతుంది. అలా తెలియక దాటినవాళ్లని వేల పౌండ్లు వెనక్కి కట్టమన్నారని 2024లో పెద్ద గొడవ అయింది.

మన దగ్గర కథ వేరే దారిలో నడిచింది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఒక పని చేశారు. ఆవరణలో డేరాలు వేయించి, రోగి పక్కనే ఇంట్లోవాళ్లని ఉంచారు. పిచ్చాసుపత్రి అంటే వదిలేసి వెళ్లిపోయే చోటు అనుకునే రోజులు అవి. ఇంట్లోవాళ్లు జబ్బేంటో చూసి నేర్చుకున్నారు, ఇంటికి తిరిగి తీసుకెళ్లగలిగారు. వెల్లూరు సీఎంసీలో 1957లో మొదలైన మానసిక ఆరోగ్య కేంద్రం కూడా కుటుంబం తోడు ఉండాలన్న పద్ధతి మీదే నడిచింది. గొప్ప ఆలోచన, ఇందులో వెటకారం లేదు. అక్కడ డాక్టర్లు ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి నేర్పించారు. మా అమ్మకి ముక్కు గొట్టం ఎలా వాడాలో డిశ్చార్జ్ రోజున నాలుగు నిమిషాల్లో చెప్పి పంపించారు. తోడు ఉండాలి అనేది మాత్రం అన్నిచోట్లా మిగిలింది, నేర్పించడం మధ్యలో ఎక్కడో జారిపోయింది.

చట్టం? 2007లో తల్లిదండ్రుల, సీనియర్ సిటిజన్ల పోషణ చట్టం వచ్చింది. చూడకపోతే ఏం జరుగుతుందో అందులో ఉంది: వదిలేస్తే మూడు నెలల వరకు జైలు లేదా 5,000 జరిమానా. చూసుకుంటున్న మనిషికి ఏం కావాలో మాత్రం లేదు. అందులో "పిల్లలు" అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు ఆ లిస్టులో లేదు. మా నానమ్మని చూసిన మనిషి, చట్టం దృష్టిలో, చూడాల్సిన మనిషే కాదు. లిస్టులో ఉన్నది నాన్న, అత్తయ్య, నేను. 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం, 15 నుంచి 59 ఏళ్ల వాళ్లలో ఇంట్లోవాళ్ల సంరక్షణ పనిలో ఉన్న ఆడవాళ్లు 41 శాతం, రోజుకి 140 నిమిషాలు. మగవాళ్లు 21.4 శాతం, 74 నిమిషాలు. పిల్లల్ని చూసుకోవడం కూడా ఇందులోనే ఉంది. ఆ 74 నిమిషాల్లో నావి ఎన్నో లెక్కేస్తే, ఫోన్‌లో డబ్బు పంపడానికి పట్టే టైమ్ తప్ప ఏం తేలలేదు.

నానమ్మ 2024 మేలో పోయింది. జూన్‌లో అమ్మ ఇంకో స్కూల్‌కి ఇంటర్వ్యూకి వెళ్తే నేను బండి మీద దింపి, అక్కడే కూర్చున్నాను. పదకొండేళ్ల అనుభవం చూసి ఆ ప్రిన్సిపల్ మేడమ్ మర్యాదగానే మాట్లాడారు. అప్లికేషన్‌లో ఒకచోట వేలు పెట్టి అడిగారు: "ఇక్కడ ఒకటిన్నర ఏడాదికి పైగా గ్యాప్ ఉందండీ. ఏం చేశారు?"

అమ్మ నా వైపు ఒకసారి చూసి చెప్పింది. "ఏం లేదండీ, ఇంట్లోనే ఉన్నాను."