అమెరికాలో మక్కా, కైరో, పాలస్తీనా: ఆ ఊళ్లకు ఆ పేర్లెలా వచ్చాయి?

అమెరికా మ్యాపు తెరిస్తే మక్కా, మదీనా, కైరో, పాలస్తీనా, లెబనాన్ అన్నీ కనిపిస్తాయి. అక్కడ ఉంటున్న మన పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు "ఒకసారి ఆ ఊరు చూసొద్దాం" అనిపించడం సహజమే. అయితే పేరు చూసి అక్కడ ముస్లిం బస్తీ ఉంటుందని అనుకోవద్దు. ఈ పేర్లు కొన్ని బైబిల్ నుంచి వచ్చాయి. కొన్ని అక్కడి నేలను, నదిని చూసి పెట్టినవి.

మెక్కా, కాలిఫోర్నియా
లాస్ ఏంజెలిస్ నుంచి కారులో సుమారు రెండున్నర గంటలు. సముద్రమట్టం కంటే 50 మీటర్లకు పైగా కిందున్న ఎడారి ఊరు. పాత పేరు వాల్టర్స్. అరబ్ దేశాల వాతావరణాన్ని పోలి ఉందని ఇక్కడ ఖర్జూరం సాగు మొదలైంది, ఊరి పేరూ మారింది. నివసించేది ఎక్కువగా మెక్సికో మూలాలున్న రైతుకూలీలు. ఈ లోయలో పండే డెగ్లెట్ నూర్ ఖర్జూరం అల్జీరియా నుంచి వచ్చింది. మెడ్జూల్ కథ వేరు. మొరాకోలో తోటలకు తెగులు సోకిన రోజుల్లో, 1927లో, వాల్టర్ స్వింగిల్ అనే శాస్త్రవేత్త అక్కడి నుంచి 11 పిలకలు తెచ్చారు. వాటిని నెవడాలో విడిగా పెంచితే 9 బతికాయి. అమెరికా మెడ్జూల్ తోటలకు మూలం అవే.

పక్క ఊరు థర్మల్‌లోని హైస్కూలు జట్ల పేరు చాలాకాలం 'అరబ్స్'. వాటి గుర్తు వంకర ముక్కుతో, కోపంగా ఉన్న ముఖం. అరబ్-అమెరికన్ల అభ్యంతరంతో 2014లో ఆ బొమ్మను మార్చి, పేరును 'మైటీ అరబ్స్' చేశారు.

ప్యాలెస్టీన్, టెక్సాస్
డల్లాస్ నుంచి సుమారు 110 మైళ్లు. ఇలినాయ్‌లో ఇదే పేరున్న ఊరి నుంచి వచ్చినవాళ్లు ఆ పేరునే ఇక్కడా పెట్టారు. పిల్లలకు నచ్చేది ఇక్కడి నుంచి రస్క్ వైపు అడవిలో వెళ్లే పాతకాలపు రైలు. నడిచే రోజులు ముందే చూసుకోండి.

కైరో, ఇలినాయ్
స్థానికులు 'కేరో' అంటారు. ఒహాయో, మిసిసిపీ నదులు కలిసేచోటు నైలు డెల్టాలా ఉందని ఈ పేరు. 1920లో 15 వేలకు పైగా జనాభా. 2020లో 1,733. పడవల, రైళ్ల వ్యాపారం తగ్గింది. 1960లలో నల్లజాతివారిని రానివ్వడం ఇష్టంలేక ఈతకొలనునే మూసేశారు. ఆ గొడవలతో ఊరు ఇంకా ఖాళీ అయింది. సంగమం మాత్రం తప్పక చూడాలి.

ఎల్‌కేడర్, అయోవా
ఇది ఊరి పేరు మీద పెట్టింది కాదు, మనిషి పేరు మీద పెట్టింది. ఫ్రెంచి సైన్యంతో పోరాడుతున్న అల్జీరియా అమీర్ అబ్దుల్ ఖాదిర్ మీద గౌరవంతో 1846లో పెట్టారు. ఆ తర్వాత 1860లో డమాస్కస్ అల్లర్లలో ఆయన వేలాది క్రైస్తవుల ప్రాణాలు కాపాడారు. అల్జీరియాలోని మాస్కరాతో ఈ ఊరికి 1984 నుంచి సోదర నగర బంధం ఉంది. ఒక్క ఊరికే వెళ్లే వీలుంటే ఇక్కడికి వెళ్లండి. చికాగో నుంచి నాలుగు గంటల పైనే.

బయల్దేరే ముందు
* ఇవి చిన్న ఊళ్లు. హలాల్ భోజనం దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. ఇంటి నుంచే తీసుకెళ్లండి.
* జానమాజ్, నీళ్లు కారులో ఉంచుకోండి. నమాజుకు పార్కులు అనుకూలం.
* మెక్కాకు నవంబర్–మార్చి మధ్య వెళ్లండి. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది.
* బస పెద్ద ఊళ్లలో చూసుకోండి. మెక్కాకు ఇండియో, కైరోకు పడూకా దగ్గర.