ముక్కుదారిన మందు – హైదరాబాదు పరిశోధన

జలుబు చేసినవారికి ఆవిరి పట్టుటయు, ముక్కులో చుక్కలు వేయుటయు మన యిండ్లలో ఎల్లరు ఎరిగినవే. మన ప్రాచీన వైద్యులు దీనిని నస్యమనిరి. వాగ్భటుడు అష్టాంగహృదయమున ఒక అధ్యాయమును దీనికే కేటాయించి, చుక్కల లెక్కను, ఈయరాని సమయములను, రోగి పరుండవలసిన తీరును నిర్ణయించినాడు. ముక్కుదారిన పోవు మందు త్వరగా పనిచేయును. కనుకనే ఇచ్చువాని కన్ను రోగిపై నుండవలెను. ఈ జాగ్రత్త విషయముననే ఒకప్పుడు వైద్యలోకము దృష్టి హైదరాబాదుపై నిలిచినది. మన ఆదిలాబాదు సీమయు అప్పుడు ఆ రాజ్యములోనిదే. ఆ కథను శ్రోతలకు మనవి చేయుచున్నాము.

1847లో ఎడింబరోలో సింప్సన్, పీల్చిన మాత్రమున మత్తు కలిగించు క్లోరోఫారమును శస్త్రచికిత్సకు ప్రవేశపెట్టెను. బాధ తొలగినదని లోకము సంతోషించినది. కాని 1848 జనవరిలోనే ఇంగ్లండులో కాలిగోరు తీయించుకొనుటకు సిద్ధపడిన 15 ఏండ్ల బాలిక ఆ మత్తులో మరణించినది. ముందు ఆగునది గుండెయా, శ్వాసయా? వైద్యులు దశాబ్దములు వాదించుకొనిరి.

హైదరాబాదు రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ శ్వాసపక్షమువాడు. మత్తునిచ్చువారు శ్వాసనే కనిపెట్టి యుండవలెనని శిష్యులకు బోధించెడివాడు. ఆ శిష్యులలో రూపాబాయి ఫర్దూంజీ మత్తువైద్యమున పేరుగాంచిరి. 1888లో మొదటి పరిశోధక సంఘము లారీ మతమునే బలపరచగా, లండనులోని లాన్సెట్ పత్రిక సందేహించినది. అంతట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ప్రభుత్వము 1000 పౌనులిచ్చి, ఆ పత్రిక ఎంచిన లాడర్ బ్రంటన్‌ను 1889లో రప్పించినది. వందలకొలది జంతువులపై పరీక్షలు జరిగినవి. ముందు ఆగునది శ్వాసయేనని, మత్తునిచ్చువారికి అదియే పూర్తి ప్రమాణమని రెండవ సంఘమును తీర్మానించినది.

ఈ తీర్పు సగమే నిజము. తేలిక మత్తులోనే గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై జరిపిన పరిశోధనలో నిరూపించెను. నాడిని విడిచి శ్వాసనొక్కదానినే నమ్ముట ప్రమాదమని తేలినది.

నేడు క్లోరోఫారమును మత్తుకు వాడుట లేదు. కాని శ్వాసను విడువక గమనింపుమన్న హైదరాబాదు మాట నిలిచినది. దానికి నాడియు తోడైనది. ఇంట పసివాని ముక్కులో చుక్క వేయునపుడును మనకు పాఠమిదియే: వైద్యుడు చెప్పిన మోతాదు మించరాదు, వేసిన పిదప బిడ్డను కనిపెట్టి యుండవలెను.