శిఖరాభినందనలు

శిఖరం చేరిన పర్వతారోహకులు అక్కడే ఒకరినొకరు అభినందించుకోవడం, ఆ తర్వాత శిబిరంలోనూ ఊళ్లోనూ అభినందనలు అందుకోవడం పర్వతారోహణంత పాత ఆచారం. చేయి కలపడం, కౌగిలించుకోవడం, వీపు తట్టడం, చేతులు జోడించడం, జెండా పట్టుకుని ఫోటో దిగడం, దేవుడికి ఏదో ఒకటి సమర్పించడం, కింది శిబిరానికి వైర్‌లెస్‌లో కబురు పంపడం అన్నీ ఇందులో భాగాలే. ఎత్తు పెరిగేకొద్దీ ఈ సంబరం చిన్నదవుతుంది. 8,848.86 మీటర్ల ఎవరెస్ట్ కొనమీద సముద్రమట్టంలో దొరికే ఆక్సిజన్‌లో మూడోవంతు మాత్రమే అందుతుంది. ముఖానికి మాస్కు, చేతులకు మందపాటి తొడుగులు, ముందు ఇంకా దిగాల్సిన దారి. మాటకు ఊపిరి చాలదు కాబట్టి అక్కడ స్పర్శే మాట్లాడుతుంది. పైన ఇద్దరి మధ్య పుట్టిన ఆ ఆనందం కొండ దిగి వచ్చాక ఎవరికి ఎంత దక్కిందన్నదే ఈ ఆచారపు అసలు చరిత్ర.

ఆల్ప్స్‌లో తొలి రోజులు

1786 ఆగస్టు 8న షమోనీకి చెందిన వైద్యుడు మిషెల్ గాబ్రియెల్ పకార్, స్ఫటికాలు ఏరే జాక్ బాల్మా ఐరోపాలోని మౌంట్ బ్లాంక్‌ను మొట్టమొదటిసారి ఎక్కారు. కింద ఊళ్లో జనం దూరదర్శినితో చూస్తూనే ఉన్నారు. దారి కనిపెట్టినవారికి బహుమతి ఇస్తానని జెనీవా శాస్త్రవేత్త సోస్యూర్ 1760లోనే ప్రకటించి ఉన్నాడు. బాల్మా వెళ్లి దాన్ని అందుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన రాతల్లో పకార్ పాత్ర చిన్నదైపోయింది. 1887లో షమోనీ నడిబొడ్డున నిలిపిన విగ్రహంలో బాల్మా, సోస్యూర్ ఉన్నారు; పకార్ లేడు. ఆయనకు అదే ఊళ్లో విగ్రహం దక్కేసరికి 1986 వచ్చింది. కలిసి ఎక్కిన ఇద్దరిలో ఒకరికి మెచ్చుకోలు అందడానికి రెండు వందల ఏళ్లు పట్టింది.

1787లో స్వయంగా శిఖరం చేరిన సోస్యూర్ ముందుగా చూసింది షమోనీ వైపు. భార్య, ఆమె అక్కచెల్లెళ్లు అక్కడ దూరదర్శిని పెట్టుకుని కనిపెట్టుకుని ఉన్నారు. ఆయన పైకి చేరాడని తెలియగానే వాళ్లు జెండా ఎగరేశారు. శిఖరానికీ ఇంటికీ మధ్య దూరంనుంచే సాగిన అభినందనలకు ఇంత పాత ఉదాహరణ మరొకటి అరుదు.

1865 జులై 14న మాటర్‌హార్న్‌పై జరిగింది వేరు. ఎడ్వర్డ్ వింపర్ బృందం స్విట్జర్లాండ్ వైపునుంచి ముందుగా చేరింది. ఇటలీ వైపునుంచి కారెల్ బృందం ఇంకా కిందనే ఉంది. వాళ్లకు తెలియాలని వింపర్, మార్గదర్శి క్రో కేకలు వేశారు, రాళ్లు దొర్లించారు. క్రో తన చొక్కానే గుడారపు కర్రకు కట్టి జెండాగా నిలిపాడు. కింద బ్రోయ్ ఊరివారు ఆ జెండా చూసి కారెలే గెలిచాడనుకుని సంబరాలు చేసుకున్నారు. దిగేటప్పుడు తాడు తెగి క్రోతో సహా నలుగురు చనిపోయారు. శిఖరంమీద చేసుకునే అభినందన సగం దారి అభినందనేనని అనుభవజ్ఞులు చెప్పే మాటకు వెనుక ఇలాంటి మరణాలెన్నో ఉన్నాయి.

జర్మన్ మాట్లాడే ఆల్ప్స్ ప్రాంతాల్లో శిఖరంమీద చేయి కలిపి ‘బెర్గ్ హైల్’ (కొండకు జయం) అనుకోవడం 19వ శతాబ్ది చివరికి రివాజైంది. అక్కడి శిఖరాలపై సిలువలు నిలపడం, పక్కనే డబ్బాలో పుస్తకం ఉంచి వచ్చినవారు సంతకం చేయడం కూడా అలాగే స్థిరపడ్డాయి. కొంత ఎత్తు దాటాక ‘మీరు’ పోయి ‘నువ్వు’ వస్తుందన్న ఆనవాయితీ కూడా ఆ కొండలదే.

హిమాలయాల్లో

టిబెట్, నేపాల్ కనుమలు దాటే బాటసారులు దేవతలకు జయం పలుకుతూ ‘ల్హా గ్యాలో’ అని కేక వేస్తారు. ప్రార్థన జెండాలు కట్టడం, క్షేమంగా వచ్చినవారి మెడలో ఖాదా అనే కండువా వేయడం ఈ కొండల సొంత మర్యాదలు. విదేశీ బృందాలు తెచ్చిన కరచాలనం ఇక్కడ వీటితో కలిసింది.

ఆ కలయికకు నిండైన రూపం 1953 మే 29, ఉదయం 11.30కు దక్కింది. ఎవరెస్ట్‌పై ఎడ్మండ్ హిల్లరీ తన దేశపు పద్ధతిలో చేయి చాచాడు. టెన్సింగ్ నార్గేకు అది సరిపోలేదు. రెండు చేతులతో వాటేసుకుని వీపు చరిచాడు. ఇద్దరూ అక్కడ గడిపింది పావుగంట. మంచు గొడ్డలికి కట్టిన ఐక్యరాజ్యసమితి, బ్రిటన్, నేపాల్, భారత్ జెండాలతో టెన్సింగ్ ఫోటో ఉంది; హిల్లరీది లేదు. టెన్సింగ్ మంచులో మిఠాయిలు, కూతురు ఇచ్చిన పెన్సిల్ పాతిపెట్టాడు. నాయకుడు జాన్ హంట్ ఇచ్చిన చిన్న సిలువను హిల్లరీ ఉంచాడు.

మర్నాడు కింది శిబిరంలో హంట్ ఎదురుచూస్తుంటే దిగివస్తున్నవారిలో మొదట ఏ సైగా లేదు. ఓడిపోయారనుకున్నారు. అప్పుడు వారితో ఉన్న జార్జ్ లోవ్ బొటనవేలు పైకెత్తి, గొడ్డలితో శిఖరంవైపు చూపాడు. అందరూ పరుగెత్తారు. పత్రికా విలేకరి జేమ్స్ మోరిస్ ఆ కబురును సంకేత భాషలో నాంచే బజార్‌లోని భారత పోలీసు వైర్‌లెస్ కేంద్రానికి పంపాడు. మంచు పరిస్థితి బాగా లేదని అందులో ఉంటే శిఖరం చేరారని అర్థం. జూన్ 2న, బ్రిటన్ రాణి పట్టాభిషేకం రోజు ఉదయం, లండన్ ఆ వార్త చదివింది.

ఇక్కడినుంచి లెక్కలు మొదలయ్యాయి. హంట్, హిల్లరీలకు ‘సర్’ బిరుదు, టెన్సింగ్‌కు జార్జ్ మెడల్. కాఠ్మండూ వీధుల్లో టెన్సింగ్ హిల్లరీని తాడుతో పైకి లాగుతున్నట్టు బొమ్మలు వెలిశాయి. ముందు ఎవరు కాలు పెట్టారని పత్రికలు పట్టుబట్టాయి. దాదాపు కలిసే చేరామని ఇద్దరూ సంతకాలు చేసి ప్రకటించాల్సి వచ్చింది. 1955లో వచ్చిన తన ఆత్మకథలో హిల్లరీ అడుగే ముందని టెన్సింగ్ చెప్పాడు. ఒక్క తాడుకు ఇద్దరున్నప్పుడు ఈ ప్రశ్నకు అర్థం లేదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ అంత మర్యాద నిలుపుకోవడం వారి ఆరోహణకు తీసిపోని ఘనత.

ఆ పాఠం కొందరు నేర్చుకున్నారు. 1955లో కాంచన్‌జంగాను తొలిసారి ఎక్కిన జో బ్రౌన్, జార్జ్ బాండ్ సిక్కిం పాలకుడికి ఇచ్చిన మాట ప్రకారం పవిత్రమైన కొనకు కొద్ది అడుగుల కిందే ఆగిపోయారు. 1963 మే 1న అమెరికన్ జిమ్ విటేకర్, టెన్సింగ్ మేనల్లుడు నవాంగ్ గోంబు ఎవరెస్ట్ కొనకు ముందు ‘నువ్వు నడు’ అంటే ‘నువ్వు నడు’ అనుకుని, చివరికి పక్కపక్కనే నడిచారు.

1984 మే 23న మధ్యాహ్నం 1.07కు ఎవరెస్ట్ చేరిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ దుర్గమ్మ బొమ్మనూ హనుమాన్ చాలీసానూ ఎర్రగుడ్డలో చుట్టి మంచులో ఉంచారు. తర్వాత తన తాడు నాయకుడు ఆంగ్ దోర్జీకి చేతులు జోడించి వంగి నమస్కరించారు. ఆయన ఆమెను అక్కున చేర్చుకున్నాడు. బృంద నాయకుడు కర్నల్ ఖుల్లర్ వాకీటాకీలో ఆమె తల్లిదండ్రులకు కూడా అభినందనలు చెప్పారు. మన దేశపు మర్యాద శిఖరంమీద ఇంత సహజంగా కనిపించిన సందర్భం ఇదే.

1987లో పోలండ్ ఆరోహకుడు యెర్జీ కుకుచ్కా 8,000 మీటర్లు దాటిన పద్నాలుగు శిఖరాలనూ పూర్తిచేశాడు. అంతకు ముందు ఏడాదే ఆ ఘనత సాధించిన మెస్నర్, నువ్వు రెండోవాడివి కావు, గొప్పవాడివి అంటూ టెలిగ్రాం పంపాడు.

ఒంటరిగా ఎక్కేవారికి పైన ఎదురు చేయి ఉండదు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ముగించాడు. 2015లో ఆండీస్‌లో ఒంటరి ఆరోహణలోనే ప్రాణాలు కోల్పోయాడు.

2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ టిబెట్ వైపునుంచి ఎవరెస్ట్ చేరారు. పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఎక్కిన బాలిక మరొకరు లేరు. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలైన వీరు భువనగిరి గుట్టమీద మొదలుపెట్టి డార్జిలింగ్ హిమాలయన్ పర్వతారోహణ సంస్థలో తర్ఫీదు పొందారు. 1953 విజయం తర్వాత, 1954లో పుట్టిన ఆ సంస్థలో క్షేత్ర శిక్షణకు తొలి సారథి టెన్సింగే. పూర్ణ, ఆనంద్ శిఖరం చేరిన ఎనిమిది రోజులకే తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. దాంతో ఆ పిల్లలకు అందిన అభినందనల్లో రెండు సంబరాలు కలిసిపోయాయి.

గుర్తింపు, కలిసి అడుగు

కాఠ్మండూలో ఎలిజబెత్ హాలీ 1960ల నుంచి దశాబ్దాలపాటు ప్రతి బృందాన్నీ ప్రశ్నించి ఆరోహణల వివరాలు నమోదు చేసింది. ఆమె పుస్తకంలోకి ఎక్కేదాకా అభినందన పూర్తయినట్టు కాదని ఆరోహకులు భావించేవారు. నేపాల్ ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రం విషయంలో మాత్రం అన్యాయం జరిగింది. తాళ్లు కట్టి, బరువులు మోసి, అందరినీ పైకి చేర్చిన షెర్పాలకు 2016లో నిబంధనల పేరుతో ఆ పత్రాలు ఇవ్వలేదు. మరుసటి ఏడాది నిబంధన మార్చారు.

2021 జనవరి 16న పదిమంది నేపాలీ ఆరోహకులు 8,611 మీటర్ల కే2ను తొలిసారి శీతాకాలంలో ఎక్కారు. ముందు చేరినవారు కొనకు సుమారు పది మీటర్ల కింద ఆగి వెనకవారికోసం కాచుకున్నారు. పదిమందీ వరుసకట్టి జాతీయగీతం పాడుతూ కలిసి చివరి అడుగులు వేశారు. వారిలో తొమ్మిదిమంది షెర్పాలు, నిర్మల్ పుర్జా మగర్ తెగవాడు. 8,000 మీటర్లు దాటిన మిగతా పదమూడు శిఖరాలను శీతాకాలంలో మొదట ఎక్కినవారి జాబితాలో ఒక్క నేపాలీ పేరు కూడా లేదు.